చెర్రీ మొద్దు ఫిరంగి

అరవై ఎనిమిదిల
సనత్‌నగర్ కార్ఖానకు
యుగోస్లావియా కెల్లి ఒక ఇంజినీరు దిగిండు.
పేరు వుకాషిన్.
మా షిఫ్టు మొత్తానికి ఓంకారం.
లేత్ మిషన్ నేర్పెటందుకు ఆర్నెల్లన్నరు,
రెండేండ్లున్నడు.

జీతాలైన సాయంత్రం
మూసాపేట సడక్ మీద ఇరానీ హోటల్ల
ఇద్దరం కూసుంటుంటిమి.
నాకొచ్చిన ఇంగ్లీషు గేరు మార్చేటంత,
ఆయనకొచ్చిన తెలుగు చాయ్ తాగేటంత.
మిగిలింది చేతులతోని.

ఒకనాడు బిస్కెట్ పళ్లెం జరిపి
దీని పేరేందన్నడు.
ఉస్మానియా అన్న.
నవ్విండు, నవ్వి నవ్వి పొలమారింది.
"మా ముత్తాతకు తాత
ఈ పేరుగల్ల పాదుషాలతోనే
పదిహేడేండ్లు కొట్లాడిండు.
నేను చాయ్‌ల ముంచుకొని తింటున్న."

ఆ తాత పేరు మిల్కో.
నాకు మల్కయ్య అనే ఇనపడ్డది,
అట్లనే ఉంచుకున్న.

మల్కయ్య పందుల బేరగాడు.
ఓక్ చెట్ల కాయలు మేపి
నది దాటించి అమ్మెటోడు.
సుల్తాన్ తాసిల్దారు
తలకింత అన్నడు, పొయ్యికింత అన్నడు.
ఇంట్ల కూసొని కడుపునిండ తిని
పండ్లరిగినయి, దానికి పన్ను కట్టమన్నడు.
(మా దొరకు గూడ తట్టలే గది.)
తెల్లారేసరికి
తాసిల్దారు గుర్రం లేదు,
మల్కయ్యా లేడు.

చెట్టు చిగురేస్తే అడవికెక్కుడు,
ఆకు రాలితే దిగుడు.
చలికాలమంత ఎవరిదో పసులకొట్టం,
తుపాకి గడ్డివాముల,
పేరు మార్చుకొని
ఆ ఇంటి పోరగాండ్లకు బొమ్మలు చెక్కుకుంట.
"కొట్టమిచ్చినోళ్ల పేర్లు పాటలల్ల లెవ్వు" అన్నడు ఓంకారం,
"దొరికితే కాలేది వాళ్ల ఇల్లే."

పాటలల్ల లేంది ఇంకోటి గూడ చెప్పిండు.
మొగడు సచ్చిన ఆడిమనిషి,
తమ జాతి మనిషే,
చెవుల పోగులు గుంజుకున్నడు మల్కయ్య.
ఒక చెవి తెగింది.
చెప్పుకుంట ఓంకారం
తన చెవి పట్టుకున్నడు.

గల్లా కాడ్నుంచి కాజిం ఆగా అడిగిండు:
"ఇంతకు దొంగనా, సిపాయా?"
ఓంకారం లెక్క చూసుకున్నడు.
"పద్దెనిమిది వందల నాలుగు దాంక దొంగ."

ఆ ఫిబ్రవరిల ఊర్లు లేచినయట.
తలుపులు మూసుకున్న రైతులే వచ్చి
అడవి అంచున నిలబడి పిలిచిర్రట.
రాత్రి నడుసుడు, దెబ్బ కొట్టి మాయమవుడు
ఎరికైనోడు ఆయనొక్కడే.

ఫిరంగి లేదు.
చెర్రీ చెట్టు కొట్టి, మొద్దు తొలిచి,
బండిచక్రం పట్టీలు ఎర్రగ కాల్చి బిగించిర్రు.
నా పానం లేచొచ్చింది, బోరు కొట్టుడు నా పని.
"ఎన్ని గుండ్లు ఓర్సుకుంటది?"
మూడు ఏండ్లు చూపిచ్చిండు... కాదు, మూడు వేళ్లు.
"నాలుగోది?"
చెయ్యి తనదిక్కు తిప్పుకున్నడు.

గెలిచిర్రు. ఓడిర్రు. మళ్ల గెలిచిర్రు.
కచ్చేరి కట్టిర్రు, దస్త్రాలు తెరిచిర్రు,
పన్నులేసిర్రు, ఈసారి సొంత భాషల.
మల్కయ్యకు పింఛన్ రాసి
గుర్రం వద్దన్నరు, అడవి వద్దన్నరు.
రెండు చలికాలాలు ఓర్సుకున్నడు.
మూడోసారి చెట్లు చిగురేసినయి.

పట్టుకున్నోడు పాత దళంల పిలగాడే.
ఉరి సంతనాడు.
కేసు: గుర్రం దొంగతనం.

నాకు మా మామ బుగ్గయ్య యాదికొచ్చిండు.
బీబీనగర్ సడక్ మీద బండ్లు కొట్టెటోడు,
నలభై ఏడుల సంగంల కలిసి గడీ మీదికి పోయిండు,
యాభై రెండుల చెంచల్‌గూడ జైల్ల సచ్చిండు,
గడీ కేసు కాదు, పాత బండ్ల కేసు.
చెప్పుదామంటే నా ఇంగ్లీషు సాలలే.
చేతులాడిచ్చిన.
ఏం సమజయిందో,
నా గ్లాసు సగముండంగనే
ఇంకో రెండు చాయ్ చెప్పిండు.

పొయ్యేనాడు నా మిషన్ మీదనే
తుమ్మ కట్టె తిప్పి
జానెడు ఫిరంగి చేసిచ్చిండు.
ఇప్పటికీ టీవీ పక్కన ఉన్నది,
మనుమరాలు అగరొత్తులు గుచ్చుతది.
ఒక పక్కకు పెన్సిల్ గీత,
ఎక్కడ పగులుతదో గురుతు పెట్టి పోయిండు.
ఆ పిల్ల మరక అనుకొని
ప్రతి శుక్కురారం తుడుస్తది.